ముకాబలా లేని మెంబరు

వైకుంఠం మొదటిసారి ఎల్లప్ప చేతిలో ఓడిపోయింది పదకొండు ఓట్లతో. మూడేళ్ళ తర్వాత మళ్ళీ నిలబడి, ఈసారి నాలుగు ఓట్లతో ఓడాడు. బల్దియాకు, అంటే నగర మునిసిపాలిటీకి, అప్పుడప్పుడే ఎన్నికలు మొదలైన రోజులు. ఇంటి పన్ను కట్టేవాళ్ళకే ఓటు కాబట్టి, గౌలిపురా చుట్టుపక్కల అందరినీ కూడినా రెండు వందల చిల్లర మంది తేలేవారు. అందులో ఎవరు ఎటు వేశారన్నది దాచినా దాగేది కాదు.

వైకుంఠానివి పాడి బర్రెలు. తాత నాటి కొట్టం, పద్దెనిమిది బర్రెలు, షాలిబండ దాకా పాలు పోసే వాడిక ఇళ్ళు. ఎల్లప్పది బట్టల కొట్టు. దాని మేడ మీద గదిలో ఒక చిన్న తెలుగు గ్రంథాలయం పెట్టి, వచ్చినవాళ్ళకు పత్రికలు చదివి వినిపించేవాడు. ఇద్దరూ ఒకే గల్లీలో పుట్టారు, ఒకే ఉర్దూ బడిలో చదువుకున్నారు.

మొదటిసారి గెలిచిన సాయంత్రం ఎల్లప్ప మెడలో దండలు తీయకుండానే తిన్నగా వైకుంఠం కొట్టంలోకి వచ్చాడు. పాలు పిండుతున్న వైకుంఠం తల ఎత్తలేదు.

"లే రా, చాయ్ తాగుదాం పా," అన్నాడు ఎల్లప్ప. "నాకు ఒక్కటి సమజైతలేదు. మా మేనమామ శివయ్య ఓటు నీకెట్ల పడ్డది?"

"మీ మామకు మీ కొట్ల చింకి పంచె అమ్మినవట. ఏడాది నుంచి కోపం మీదున్నడు."

ఎల్లప్ప పగలబడి నవ్వాడు. వైకుంఠానికీ నవ్వు ఆగలేదు. ఆ సాయంత్రం షాలిబండ ఇరానీ హోటల్లో ఒక చాయ్‌ని చెరి సగం చేసుకొని, ముహల్లాలోని ప్రతి ఇంటి ఓటునూ విప్పి చూశారు. రెండోసారి ఓడినప్పుడూ అంతే. ఓడినందుకు వైకుంఠానికి బాధ లేక కాదు. కానీ ఆ కబుర్ల ముందు ఆ బాధ నిలిచేది కాదు. ఎల్లప్ప బల్దియాలో ఏదైనా చేస్తే వైకుంఠం తప్పులు పట్టేవాడు. నల్లా వేయిస్తే, తప్పు మూల మీద వేయించావనేవాడు. ఎల్లప్ప పొద్దున బల్దియాకు పోయే ముందు కొట్టం దగ్గర ఆగి, "ఇయ్యాల ఏం తిడ్తవో ఇప్పుడే తిట్టు, ఆడ జవాబు తయ్యారు జేస్కుంట," అనేవాడు.

నలభై ఆరులో కొత్త శాసనసభ వచ్చింది. వృత్తుల వారీగా సీట్లు పంచారు. ఇది ప్రజల సభ కాదు, సర్కారు ఆడే ఆట అని కాంగ్రెసు వాళ్ళు ఎన్నికలను బహిష్కరించారు. అప్పటికే ఎల్లప్ప కాంగ్రెసులో ఉన్నాడు, ఒకసారి సత్యాగ్రహం చేసి జైలుకు కూడా పోయి వచ్చాడు.

అదే సమయంలో బర్రెల కొట్టాలను ఊళ్ళోంచి తీసి చాంద్రాయణగుట్ట అవతలకు తరలిస్తారని పుకారు లేచింది. గౌలిపురా పాల వాళ్ళంతా వైకుంఠం ఇంటికి వచ్చారు. చిన్న వ్యాపారుల తరఫున ఒక సీటు ఉంది, నువ్వే నిలబడాలి అన్నారు. వైకుంఠం సరేనన్నాడు. రెండుసార్లు ఓడినవాడికి ఒక్కసారి గెలవాలని ఉండదా?

ఎల్లప్ప ఆ మధ్యాహ్నమే వచ్చాడు. కూర్చోలేదు.

"నిలవడ్తున్నవట?"

"బర్ల సంగతి తెలుసు గద ఎల్లప్పా. మనోళ్ళ దిక్కు నుంచి ఒక్కడన్న ఆడ ఉండద్దా?"

"మనోళ్ళంతా వద్దన్న సభ గది. నువ్వు పోతే నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

"నువ్వూ నిలవడు. ఎప్పటి లెక్కనే కొట్లాడుదాం."

"గిది మన గల్లీ కొట్లాట కాదు రా." ఎల్లప్ప గొంతు తగ్గింది. "నువ్వు గనక చీటీ ఏస్తే, ఇగ నాతో నీకు మాట లేదు."

వైకుంఠం నామినేషన్ వేశాడు. గడువు చివరి రోజు కచేరీ వరండాలో గోడకు చేరగిలబడి, పొద్దున నుంచి గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎవరైనా ఒకరు, కనీసం ఒక్కరు, తన మీద పోటీకి చీటీ వేయడానికి వస్తారని ఆశ. ఎవరూ రాలేదు. సాయంత్రం అధికారి కాగితం చూసి, "బిలా ముకాబలా," అని చేయి కలిపాడు. పోటీ లేకుండా గెలిచినట్టు. దండ వేశారు. ఒక్క ఓటు కూడా పడని గెలుపు అది.

శాసనసభలో వైకుంఠం కొత్త షేర్వానీ తొడుక్కొని, నాలుగో వరసలో కూర్చునేవాడు. ఉర్దూలో రెండే ప్రశ్నలు అడిగాడు, రెండూ కొట్టాల గురించే. విచారణలో ఉందని ఒకసారి, ఏడాది పాటు ఆపుతున్నామని ఒకసారి జవాబు వచ్చింది. రెండో జవాబు విన్న రోజు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంటికి వచ్చి భార్య శారదమ్మకు పూస గుచ్చినట్టు చెప్పాడు.

"మంచిగైంది," అంది ఆమె సంతోషంగా, అన్నం వడ్డిస్తూ.

అంతే. వైకుంఠం ఇంకా ఎదురు చూశాడు. ఏడాదే ఎందుకు ఆపారని ఆమె అడగలేదు. తర్వాత ఏం చేస్తావని అడగలేదు. ఎల్లప్ప అయితే అన్నం ముద్ద నోట్లో పెట్టుకోనిచ్చేవాడు కాదు. మర్నాడు బట్టల కొట్టు ముందు నుంచి రెండుసార్లు నడిచాడు. ఎల్లప్ప గజం బద్దతో గుడ్డ కొలుస్తూ, తల తిప్పకుండా ఇంకో తాను దింపాడు.

"నువ్వే పోయి మాట్లాడరాదూ," అంది శారదమ్మ. "ఎన్నొద్దులు గిట్ల?"

"మాట్లాడడే."

"మాట్లాడకుంటే తిట్టించుకోని రా. గదన్న ఐతది."

పోదాం పోదామనుకుంటూనే నెలలు గడిచాయి. నలభై ఏడు ఆగస్టులో ఎల్లప్ప కొట్టు మీద త్రివర్ణ జెండా ఎగరేశాడు. సంస్థానంలో ఆ జెండా మీద నిషేధం; ఆ సాయంత్రమే పోలీసులు పట్టుకుపోయారు.

వైకుంఠం మూడోనాడు జైలుకు వెళ్ళాడు. మెంబరు కాబట్టి గేటు దగ్గర కుర్చీ వేశారు. చీటీ మీద పేరూ, కింద శాసనసభ సభ్యుడనీ రాసి లోపలికి పంపాడు. కాసేపటికి గుమాస్తా నవ్వాపుకుంటూ వచ్చాడు.

"ఏమనుకోకండి సాబ్. మెంబరు సాబ్‌తో నాకేం పని లేదంటున్నడు. పాలాయన వైకుంఠం వస్తే మాత్రం పంపమన్నడు."

వైకుంఠం కుర్చీలోంచి లేచాడు. మొఖం మండింది. ఇంటికి వచ్చేదాకా ఆ మాటను తిప్పి తిప్పి చూసుకున్నాడు. తిట్టాడా, పిలిచాడా? ఇల్లు దాటిపోయి జహనుమాలోని చెరుకు బండ్ల వరకు నడిచి, వెనక్కు తిరిగి వస్తుంటే తెలిసింది, పిలిచాడని.

రాజీనామా కాగితం నాలుగు వాక్యాలు. పాల వాళ్ళు గోల చేశారు, కొట్టాలను ఎవరు కాపాడతారని. "బల్దియా ముందట నేనే కూసుంట, ఫికర్ పడకున్రి," అని సర్దిచెప్పాడు. పదిహేను రోజుల తర్వాత మామూలు అంగీ తొడుక్కొని, ఒట్టి పేరు మాత్రం రాసిన చీటీతో జైలుకు వెళ్ళాడు. ఎల్లప్పను అంతకు రెండు రోజుల ముందే వేరే జిల్లా జైలుకు మార్చారని చెప్పారు. ఏ జిల్లా అన్నది చెప్పలేదు.

ఆ తర్వాత పదమూడు నెలలు. ఊళ్ళో భయం, పుకార్లు, వలసలు. గల్లీలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. వైకుంఠం బర్రెలను విడిచి ఎక్కడికీ పోలేదు. ఎల్లప్ప భార్య నాగమణమ్మ ఇంటికి రోజూ తానే పాలు పోసి వచ్చేవాడు. జాబేమైనా వచ్చిందా అని వాకిట్లోంచే అడిగేవాడు. ఆమె లేదనేది. రేపు వస్తదిలే వదినా, అనేవాడు.

పోలీసు చర్య అయిన పది రోజులకు ఎల్లప్ప విడుదలై వచ్చాడు. వైకుంఠం గుర్తు పట్టలేకపోయాడు. మనిషి సగమయ్యాడు, దగ్గుతున్నాడు. కొట్టం గడప మీద కూలబడి, "చాయ్ పోయి," అన్నాడు.

వైకుంఠం పొయ్యి మీద గిన్నె పెట్టాడు. అడగాల్సినవి చెప్పాల్సినవి రెండేళ్ళవి పేరుకుపోయి ఉన్నాయి. రాజీనామా సంగతి ఎల్లప్పకు అప్పటికింకా తెలియదు. వైకుంఠమూ చెప్పలేదు. చెబితే, ఎల్లప్ప మెప్పు కోసమే చేసినట్టుంటుందని.

"ఇగ అందరికి ఓట్లిస్తరట," అన్నాడు చివరికి. "ఆడోళ్ళకు, కూలోళ్ళకు, ఆఖరికి మా కొట్టంల పేడ తీసే కొమురమ్మకు గూడ. వేలకు వేల ఓట్లు. నిలవడ్తవా?"

"నువ్వు?"

"నువ్వు నిలవడ్తేనే."

ఎల్లప్ప నవ్వబోయి దగ్గులో చిక్కుకున్నాడు.

అది ఛాతీ జబ్బని చలికాలంలో డాక్టర్లు తేల్చి, ఊరి బయట గుట్ట మీది ఆసుపత్రిలో చేర్చారు. ప్రతి ఆదివారం వైకుంఠం పాలు తీసుకొని బస్సెక్కి పోయేవాడు. నలభై తొమ్మిది వానాకాలంలో ఒక ఆదివారం, ఓటర్ల పేర్లు రాసుకోవడానికి గల్లీకి మనుషులు వచ్చారని చెబుదామని ఉత్సాహంగా వెళ్ళాడు. ఎల్లప్ప నిద్రలో ఉన్నాడు. నర్సు లేపనా అంది.

"వద్దు," అన్నాడు వైకుంఠం.

మంచం పక్కన పీట లాక్కొని కూర్చున్నాడు. చివరి బస్సు నాలుగింటికి. కిటికీ అవతల వాన పడుతోంది. ఎల్లప్ప ఊపిరి పైకీ కిందికీ కష్టంగా ఆడుతోంది. కళ్ళు తెరవగానే ఏ మాటతో మొదలుపెట్టాలో వైకుంఠం నోట్లోనే కూర్చుకుంటూ, ఆ మొఖం వైపే చూస్తూ ఉండిపోయాడు.