మొదటి పోటు

గల్ఫ్‌లో రస్ అల్ ఖైమా వైపు సముద్రం పక్కన, పగడపు రాళ్ల ఇళ్లున్న పాత ఊరొకటి ఉంది. ఎప్పుడో పెద్ద యుద్ధమప్పుడు ఇంగ్లీషు సిపాయిలు తుపాకులతో కాపలా కాయడానికి కట్టిన కాంక్రీటు గది ఆ ఊరి బయట ఇసుకలో మిగిలిపోయింది. మూరెడు మందం గోడలు, కిటికీలకు బదులు సన్నని సందులు. 2006 ఎండాకాలంలో అక్కడ రోడ్డు వేస్తున్న రాయచోటి మనుషులకు కనుచూపు మేరలో నీడంటే అదొక్కటే. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని సర్కారు రూలు. ఆ కాసేపూ పన్నెండుమందీ ఆ గదిలోనే నడుం వాల్చేవారు.

ఆ రోజు పదకొండింటికి సూపర్‌వైజర్ ఫ్రాంక్లిన్ వచ్చి గోడ మీద ఎర్రరంగు గీత కొట్టాడు.

"దీన్ని లేపేయండి. రోడ్డు దీని మీదుగానే పోద్ది. యల్లా, కానీండి."

జానీ బాషా కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ మిషను పట్టి ఇరవై ఏళ్లు. ఏ గోడకైనా మొదటి పోటు ఆయనే వేయాలి, అది ఆ ముఠా కట్టుబాటు. ఆయన గోడను అరచేత్తో తట్టి, బ్రేకర్‌ని ఇసుకలో పడుకోబెట్టాడు.

"కొడతాం సార్. మధ్యాన్నం మేం యాడ కూచోవాల?"

"బస్సులో కూర్చోండి."

"ఆ బస్సు రేకు మీద రొట్టెలు కాల్చుకోవచ్చు. పోయిన వారం మా పిల్లోడు పీరా కండ్లు తిరిగి పడిపోయింది దాంట్లోనే."

"కబుర్లాపవయ్యా. ముదీర్ నన్ను నమిలేస్తాడు." మేనేజర్‌ని అక్కడ అందరూ అరబ్బీలో ముదీర్ అనే అంటారు. "పీరా, నువ్వు పట్టు."

పీరా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "జానీ మామ వేయకుండా మేం ముట్టుకోం సార్."

"వీసా క్యాన్సిల్ చేయిస్తా. ఖలాస్."

జానీ బాషాకు ఊరికి తిరిగిపోతే చేసేందుకు పని లేదు. కానీ పోయిన వారం బస్సులో నీళ్లు పోస్తుంటే పీరా పెదవులు ఎంత నల్లగా ఉన్నాయో ఆయన మర్చిపోలేదు.

"చేయించండి సార్. క్యాన్సిల్ కాగితంలో మాత్రం నీడ అడిగినామనే రాయించండి."

పన్నెండున్నరకు అందరూ లోపలికెళ్లి కూర్చున్నారు. ఫ్రాంక్లిన్ జేసీబీని పిలిపించాడు. దాని డ్రైవర్ గదిలో చాపుకున్న కాళ్లు చూసి ఇంజన్ ఆపేసి, తనూ వచ్చి వాళ్ల పక్కన చేరాడు. బయట ఫోన్లో అరిచి అరిచి, చొక్కా తడిసి ముద్దయ్యాక ఫ్రాంక్లిన్ కూడా తలవంచుకుని లోపలికొచ్చాడు. జానీ బాషా జరిగి చోటిచ్చాడు.

"రేపు నీడకి షెడ్డు పంపుతారంట" అన్నాడు ఫ్రాంక్లిన్. "ఇవాళే మొదలెట్టు. నన్ను నమ్మవా?"

"మిమ్మల్ని నమ్ముతా సార్. ముదీర్‌ని నమ్మను. షెడ్డు కాళ్లు ఇసుకలో దిగినాక చూద్దాం."

ఫ్రాంక్లిన్ మూడయ్యేదాకా అక్కడే గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.