కల్లం ముద్ర

సీమోను నా మోటారు సైకిలు పాడు చేశాడు. ఏలూరులో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. వాళ్ళకు చెప్పింది నేనే. ఆ తరవాత వాడి షెడ్డుకు ఒక్క బండీ రాలేదు.

మాది పెదపాడు దాటాక కొల్లేటి గట్టున ఉన్న ఊరు. మా ఊరి బళ్ళో అయిదో తరగతి దాకా చదివాను. వరి పండిస్తాను. నా భార్య రాజ్యం పంతొమ్మిది వందల ముప్పై మూడులో జ్వరంతో పోయింది. పడవలో ఏలూరు ఆసుపత్రికి బయలుదేరాం. కాలవ లాకులు తెరిచే మనిషి అన్నానికి వెళ్ళాడు, పడవ ఆగింది. అక్కడే పోయింది. మరుసటి ఏడు గట్టు మీద కంకర రోడ్డు వేశారు. సీమకు వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు దొర దగ్గర పక్కబండి ఉన్న మోటారు సైకిలు కొన్నాను. ఎవరి కోసమని బంధువులు అడిగారు.

రెండేళ్ళు తిరిగేసరికి ఇంజను పొగ కక్కడం మొదలుపెట్టింది. పక్కబండిలో మనిషి కూర్చుంటే కాలవ వంతెన ఎక్కలేకపోయింది. అప్పటికే మా అమ్మాయి చంద్రకళ తొలి కాన్పుకు ఇంటికి వచ్చి ఉంది. శ్రావణంలో నెలలు నిండుతాయి. తల్లి పోయినట్టు పిల్ల పోకూడదు. ఇంజను మొత్తం విప్పి బాగుచేసే మనిషి కావలసి వచ్చాడు.

మెకానిక్కులందరూ దొంగలే. ఏలూరులో బస్సులు ఆగే చోట అప్పారావు అని ఒకడున్నాడు. నా బండి చుట్టూ తిరిగి, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో చూపించి, ఇది చాలా మంచిదండి అన్నాడు. వస్తువును మెచ్చుకున్నవాడి చేతికి వస్తువు ఇవ్వకూడదు. తాడేపల్లిగూడెంలో బంగార్రాజు రైసుమిల్లు ఇంజన్లు విప్పుతాడు. నాకు బావమరిది వరస. బంధువు పని చెడగొడితే అడగడానికి నోరు రాదు. మిగిలినవాడు సీమోను. వట్లూరు దారిలో తాటాకు షెడ్డు. మిషన్ ఆసుపత్రి కారు వాడే చూసేవాడు.

సీమోను తల వంచి ఇంజను చప్పుడు విన్నాడు. నాలుగు రోజులు పడుతుందన్నాడు. అరిగిపోయిన సామాను పారేయకుండా గుడ్డలో మూటకట్టి నాకే ఇస్తానన్నాడు. ఆ మాట నేను అడగలేదు. అడగకుండానే నిజాయితీ చూపించేవాణ్ణి నేను నమ్మను. కానీ శ్రావణం దగ్గర పడింది.

నాలుగు రోజులూ కిరసనాయిలు డబ్బా బోర్లించుకుని ఆ షెడ్డులోనే కూర్చున్నాను. పని మొదలుపెట్టే ముందు వాడు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. నేను కళ్ళు తెరిచే ఉంచాను. విప్పిన ప్రతి మరనూ పాత దుప్పటి మీద వరసగా పెట్టాడు. నేను లెక్కపెట్టుకున్నాను. వాడి భార్య పాపమ్మ మజ్జిగ పంపింది. ముట్టుకోలేదు.

మూడోరోజుకి దొంగతనం ఎక్కడ జరుగుతుందో నాకు అర్థమైంది. రాత్రి నేను సత్రానికి వెళతాను. నా పిస్టను తీసి, అలాంటిదే అరిగినది పెడితే నాకేం తెలుస్తుంది?

కల్లంలో ధాన్యం రాశి పోశాక, కొలిచేదాకా దాని చుట్టూ బూడిదతో గీత గీసి, మీద మట్టి ముద్ర వేస్తాం. ఎవడు చెయ్యి పెట్టినా ముద్ర చెదురుతుంది. మా తాత వేశాడు, మా నాన్న వేశాడు, నేనూ వేస్తాను. ముద్ర లేని రాశి ఊరందరిదీ.

ఆ మధ్యాహ్నం సీమోను అన్నానికి వెళ్ళాడు. ఇనుము అరగదీసే మూడంచుల ఆకురాయి బల్ల మీదే ఉంది. ప్రతి సామాను మీదా ఒక గీత గీశాను. బయట గీస్తే దొంగ చూస్తాడు. అందుకే ఎవరికీ కనపడని చోట గీశాను. సిలిండరుకు లోపలి గోడ మీద గీశాను. గీసి, నూనె గుడ్డతో తుడిచి, ఎలా ఉన్నది అలా కప్పిపెట్టాను.

నాలుగోరోజు బండి బిగించాడు. అరిగిన పిస్టను రింగులు మూటకట్టి ఇచ్చాడు. మెల్లగా నడపండి, వంద మైళ్ళు తిరిగేదాకా బరువు పెట్టకండి అన్నాడు.

పన్నెండు రోజులకు చంద్రకళకు నొప్పులు వచ్చాయి. నెలలు ఇంకా నిండలేదు. పక్కబండిలో పరుపు వేసి కూర్చోబెట్టాను. పెదపాడు ఇంకా మైలు ఉందనగా ఇంజనులో ఏదో విరిగిన చప్పుడైంది. చక్రం పట్టేసింది. ఎవరో మొగుడూ పెళ్ళాం గడ్డిబండి తోలుకొస్తుంటే ఎక్కించాను. ఆ గడ్డిలోనే ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బతికారు. అది ఆ బండివాడి భార్య వెంకటనరసమ్మ చలవ, సీమోనుది కాదు.

మర్నాడు ఏలూరు వెళ్ళాను. సీమోను నా పిస్టను కాజేసి పాతది పెట్టాడని బస్సుల దగ్గర చెప్పాను, హోటల్లో చెప్పాను, ఆసుపత్రి గేటు దగ్గర చెప్పాను. వారం తిరక్కుండా ఆసుపత్రి కారు అప్పారావు దగ్గరకు వెళ్ళింది.

దొంగతనం రుజువు చేయాలని ఇంజను ఊడదీయించి రైల్లో తాడేపల్లిగూడెం తీసుకెళ్ళాను. సంగతి తెలిసి సీమోను కూడా అదే రైలెక్కాడు. రమ్మని నేను అనలేదు.

బంగార్రాజు మిల్లు వెనక వసారాలో ఇంజను విప్పాడు. నేను ఒక్కొక్క సామానూ తిప్పి చూశాను. పిస్టను మీద నా గీత ఉంది. వాల్వుల మీద ఉంది. మాగ్నెటో అడుగున ఉంది. అన్నింటి మీదా ఉంది. ఒక్కటీ మారలేదు.

బంగార్రాజు సిలిండరు లోపల వేలు పెట్టి తడిమాడు.

"బావగారూ, ఇది అరుగుదల కాదండీ. ఆకురాయి గీత. దీని అంచు రింగును విరగ్గొట్టింది, ఆ ముక్క గోడంతా చీల్చేసింది."

సీమోను సిలిండరు అందుకుని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"మూడోరోజు పొద్దున తుడిచి చూశానండి. గీత లేదండి."

"బిగించే ముందు మళ్ళీ చూడాలి" అన్నాను.

"చూడాలండి. మధ్యలో షెడ్డులో మీరు కూర్చుని ఉన్నారు కదండీ. అందుకని చూడలేదు."

బంగార్రాజు కూడా వ్యవసాయం ఇంట్లో పుట్టినవాడే. పిస్టను మీద గీత చూశాడు, వాల్వుల మీద చూశాడు, నా మొహం చూశాడు. నవ్వాపుకోలేకపోయాడు.

"కల్లం ముద్ర వేశారా బావగారూ? నయం, చుట్టూ బూడిద పొయ్యలేదు." కాసేపటికి నవ్వు మాని, ఈ మాట తన నోట బయటకు రాదని, మన పరువు మనకుండాలని అన్నాడు.

సీమోను నవ్వలేదు. చేతులు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"రాజుగారండీ, నాకు ఇంకేం వద్దండి. సీమోను సామాను మార్చలేదని బస్సుల దగ్గర ఒక్క మాట చెప్పండి. గీత సంగతి చెప్పక్కర్లేదండి."

నేను చెబుతానని అనలేదు. చెప్పననీ అనలేదు.

ఒకే రైల్లో వెనక్కి వచ్చాం, వేర్వేరు పెట్టెల్లో. ఏలూరులో దిగి బస్సుల దగ్గరకు వచ్చేసరికి వాడు నాకు నాలుగడుగుల వెనక ఉన్నాడు. నలుగురైదుగురు డ్రైవర్లున్నారు. అప్పారావు బీడీ ఆర్పేసి లేచాడు.

"ఏం తేలిందండీ రాజుగారూ?"

అందరూ నా వైపే చూశారు. సీమోను నేల చూస్తున్నాడు. నేను గొడుగు విప్పి, మా ఊరి బండి ఎక్కి, పోనివ్వమన్నాను.

షెడ్డు తాకట్టులో పోయిందని, సీమోను కాలవ పూడిక తీతకు వెళుతున్నాడని విన్నాను. మనవరాలికి రాజ్యం పేరే పెట్టారు. మోటారు సైకిలు గొడ్లసావిట్లో ఉంది, మీద కోళ్ళు పడుకుంటాయి. తాడేపల్లిగూడెంలో ఏం తేలింది నాన్నా అని చంద్రకళ రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగొద్దన్నాను. నేను ఈ సంగతి మళ్ళీ ఎవరి దగ్గరా ఎత్తను.