దరువు వెంట పరుగు

తొక్కించుకోవడమే నా పని. ఇందులో నాకు నామోషీ ఏమీ లేదు. నేను కుట్టుమిషను మోటారుకు తగిలించే పెడల్ని. పాదమంత పొడవు, నల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, నేల మీద జారకుండా కింద రబ్బరు బుడిపెలు. నొక్కితే మోటారు పరుగెడుతుంది, కాస్త వదిలితే నెమ్మదిస్తుంది, కాలు ఎత్తేస్తే ఆగిపోతుంది. వినడానికి ఇంతే. కానీ నొక్కడానికీ ఎత్తడానికీ మధ్య ఎన్ని వేగాలుంటాయో నాకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. గొప్పలు పోతున్నానంటారా? పని వచ్చినదాన్ని, పోతాను.

ఎక్కడో ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. ఒకాయన పొట్టలో స్ప్రింగు పెట్టాడు, ఇంకొకాయన తీగ అతికాడు, మరొకాయన నన్ను తిప్పి కూడా చూడకుండా ‘పాస్’ అని చీటీ అంటించాడు. పరీక్ష పెట్టకుండా పాస్ చెయ్యడం నా జన్మలో అదే మొదలు, అదే చివర. ఆ తర్వాత నన్ను తొక్కిన ప్రతివాళ్లూ పరీక్ష పెట్టినవాళ్లే.

మొదటి పరీక్ష హనుమకొండలో ఫర్జానా బేగం పెట్టింది. పెళ్లికూతుళ్ల జాకెట్లు కుట్టడంలో ఆ వీధిలో ఆమెకు ఎదురు లేదు. ఆమె పాదం మెత్తనిది, మాట మాత్రం కాదు. సూటి కుట్టు దగ్గర నన్ను నేలకు అదిమేసేది. చంక కింద వంపు వచ్చేసరికి కాలి వేలి బరువు మాత్రమే నా మీద ఉంచేది. ఆ కాస్త బరువుకే నేను సూదిని ఒక్కో పోటు చొప్పున నడిపించేదాన్ని. రేపు పెళ్లి పెట్టుకుని ఇవాళ బట్ట తెచ్చేవాళ్లు ఎదురుగా కూర్చుని, అయిపోయిందా అక్కా, అయిపోయిందా అక్కా అని ప్రాణం తీసేవారు. “మీరు మాట్లాడితే మిషన్ ఆగదు గానీ నా బుర్ర ఆగుతది” అనేది ఫర్జానా తల ఎత్తకుండా. నిజానికి ఆమె బుర్ర ఎప్పుడూ ఆగలేదు. అలా అంటే వాళ్లు నోరు మూస్తారని ఆమెకు తెలుసు.

ఆ ఇంటి మేడ మీద గదిలో స్పందన అనే అమ్మాయి అద్దెకుండేది. ఒక రోజు జాకెట్ కొలతలివ్వడానికి కిందికి వచ్చి, వచ్చిన సంగతి మరిచిపోయి నా వంకే చూస్తూ నిలబడిపోయింది. ఆమె చేసే పని విచిత్రమైనది. పాటకచేరీల్లో, కాలేజీ ఉత్సవాల్లో వేదిక వెనక పెద్ద తెర ఉంటుంది చూడండి, దాని మీద బొమ్మలు ఆడించడం. ముందు మనుషులు పాడుతూ వాయిస్తూ ఉంటే వెనక తెర మీద సముద్రమో, రైళ్లో, నాట్యం చేసే కాళ్లో ఆ పాటకు తగ్గట్టు కదలాలి.

చిక్కంతా ఆ ‘తగ్గట్టు’ దగ్గరే ఉంది. వీడియో తీసినప్పుడు ఒక వేగంతో తీస్తారు. వేదిక మీది మనుషులు ఆ వేగానికి వాయించరు. చప్పట్లు పడితే ఉరుకుతారు, అలసిపోతే ఈడుస్తారు. తెర మీద కాలు నేలను తాకినా దెబ్బ ఇంకా పడలేదనుకోండి, చూసేవాడికి ఏదో తేడా తెలిసిపోతుంది. అదేమిటో చెప్పలేడు గానీ కుర్చీలో అటూ ఇటూ కదులుతాడు, ఫోను బయటికి తీస్తాడు. అందుకని బొమ్మ వేగాన్ని ఎప్పటికప్పుడు పాటతో కలుపుతూ ఉండాలి. కంప్యూటరే పాట విని వేగం సరిచేసుకునే ఏర్పాటు కూడా ఉంది. రికార్డు పాటలకు అది చక్కగా పనిచేస్తుంది. మనుషులు వాయిస్తే మాత్రం తికమక పడుతుంది. ఎవడైనా ఈల వేసినా దాన్నీ దరువే అనుకుంటుంది. స్పందన రెండు చేతులూ బొమ్మలు మార్చడానికీ రంగులు సర్దడానికీ సరిపోయేవి. ఖాళీగా ఉన్నది కాలొక్కటే.

“అక్కా, ఈ పెడల్ పాడైతే నాకిస్తవా?” అని అడిగింది.

“పాడైనంక ఏం చేసుకుంటవ్? బాగున్నప్పుడే తీసుకపో. నాకు కొత్త మిషన్ వస్తున్నది, దాని పెడల్ దానికే ఉంటది” అంది ఫర్జానా.

అలా నేను మేడెక్కాను. స్పందన నా పొట్ట విప్పి, మోటారుకు పోయే తీగ పీకేసి, లాప్‌టాప్‌కు పోయే తీగ అతికింది. సగం నొక్కితే బొమ్మ తీసినప్పటి వేగంతోనే ఆడుతుంది. ఇంకా అదిమితే ఉరుకుతుంది, సడలిస్తే నెమ్మదిస్తుంది. నిన్నటిదాకా సూదిని నడిపినదాన్ని ఇవాళ సముద్రాన్ని నడపడం మొదలుపెట్టాను. నాకైతే పెద్ద తేడా కనిపించలేదు.

మా ఇద్దరి జోడీ కుదిరాక ఓరుగల్లు చుట్టుపక్కల మమ్మల్ని పిలవని కచేరీ లేదు. కాజీపేట జంక్షన్‌లో తీసిన రైలు చక్రాలను ఒక గిటారు వాయిద్యకారుడి వెనక తిప్పాం. ఆయన ముందు వరసలో ఎవరినో చూసి ఉత్సాహం పట్టలేక ఉరికాడు. స్పందన అరికాలు బిగించింది. నేను చక్రాలను ఆయన వేళ్లతో సమానంగా పరుగెత్తించాను. కచేరీ అయ్యాక ఆయన వచ్చి, “మీ వీడియో మధ్యలో కాస్త స్పీడైంది మేడమ్” అన్నాడు. స్పందన నవ్వి సారీ చెప్పింది. తాను ఉరికానని ఒప్పుకున్న సంగీతకారుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. ఎప్పుడూ తెరే తొందరపడుతుందట, తెరే వెనకబడుతుందట.

ఇలా హాయిగా సాగుతుండగా రాజలింగం సంగతి వచ్చింది.

రాజలింగం డప్పు జట్టుకు పెద్ద. డప్పు మెడకు వేసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టి ముందు నిలబడి ఆడుతూ వాయిస్తుంటే మిగతావాళ్లు వెనక వరసలో వాయించేవారు. ఆ జట్టుకు ఒక పద్ధతి ఉంది. దరువు ఎవరి చేతులు చూసీ అందుకోరు. ముందున్నవాడి కాళ్లు చూసి అందుకుంటారు. ఆ అడుగు మారితే దరువు మారుతుంది, ఆ చెయ్యి పైకి లేస్తే డప్పులన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. ఆయన జబ్బుపడి ఉన్న ఎండాకాలంలో స్పందన ఆయన ఇంటికి వెళ్లి వాకిట్లో ఆయన ఆట వీడియో తీసింది. ముందులా ఎగరలేకపోయాడు. నెమ్మదిగా, ఒక్కో అడుగూ నేలకు చెప్పి వేసినట్టు ఆడాడు. పక్కింట్లో మిక్సీ మోత వల్ల ధ్వని పనికిరాలేదు, బొమ్మ మాత్రం మిగిలింది. వానలు పడేలోపే ఆయన పోయాడు.

అప్పటినుంచీ జట్టులో ముందు చోటు ఖాళీగానే ఉండిపోయింది. తమ్ముడు ఐలయ్య వరస మధ్యలో నిలబడి ఎలాగో నెట్టుకొస్తున్నాడు గానీ ముందుకు అడుగు వెయ్యలేదు. వెయ్యమంటే, “అన్న నిలవడ్డ జాగల నేనెట్ల నిలవడుదు?” అనేవాడు. సంవత్సరం తిరిగాక ఆయనను తలుచుకోవడానికి కళాకారులందరూ కలిసి హనుమకొండలో యాదిసభ పెట్టారు. తెర మీద రాజలింగం ఆడాలి, ముందు ఆయన జట్టు వాయించాలి. రెంటినీ కలపాల్సిన బాధ్యత స్పందనదీ నాదీ.

నాకేం బెరుకు? కాలు చూపించండి, కలిపి చూపిస్తానన్నట్టే ఉన్నాను. జట్టువాళ్ల వాడలో తెల్ల గోడ మీద బొమ్మ వేసి ఒక సాయంత్రం సాధన పెట్టుకున్నాం. జట్టు గోడకు వీపు పెట్టి జనం వైపు తిరిగి మొదలుపెట్టింది. కాసేపు బాగానే ఉంది. ముందు ఎవరి కాళ్లూ లేకపోయేసరికి దరువుకు కళ్లెం లేకుండా పోయింది, చేతులు ఉరికాయి. స్పందన నన్ను అదిమింది. నేనూ నా పని చేశాను, ఒక్క దెబ్బ తప్పకుండా కలిపాను. కానీ గోడ మీద రాజలింగం కీ ఇచ్చిన కోతిబొమ్మలా ఎగురుతున్నాడు. ముందు పిల్లలు నవ్వారు. తర్వాత నవ్వు ఆపుకుంటున్న పెద్దలు కూడా నవ్వేశారు. ఆయన భార్య బుచ్చవ్వ లేచి లోపలికి పోయి తలుపేసుకుంది.

మర్నాడు స్పందన వెళ్లి తల వంచుకుని కూర్చుంటే ఆమే మాట్లాడింది. “నువ్వు మంచిగనే చెయ్యాలె అనుకున్నవు బిడ్డా. గని ఆయనను నవ్వులపాలు చెయ్యకుండ్రి. బతికున్నన్ని దినాలు ఆయన ముంగట ఎవ్వలు నవ్వలే.”

“వేగం పెంచకపోతే దరువు తప్పుతది పెద్దమ్మా” అంది స్పందన.

“దరువు తప్పితె ఇంక పాపం” అన్నాడు పక్కనే ఉన్న ఐలయ్య. “అన్న అడుగు తప్పిండని ఊరంత అనుకుంటరు. గది నేను సూడలేను.”

చూశారా, ఇటు నొక్కినా తప్పే, అటు వదిలినా తప్పే. స్పందన ఐలయ్య చెవిలో చిన్న యంత్రం పెట్టి, అందులో టిక్కు టిక్కుమని వేగం వినిపించింది. ఐలయ్య ఓపిక పట్టి కాసేపు వాయించి, దాన్ని పీకి ఆమె చేతిలో పెట్టాడు. “చెవుల పురుగు జొర్రినట్టున్నది బిడ్డా, నాతోని గాదు” అన్నాడు. చివరికి జట్టంతా మెల్లగానే వాయిస్తామని మాటిచ్చింది. మాటిచ్చేటప్పుడు మనుషులు ఎప్పుడూ నిజమే చెప్తారు.

యాదిసభ రోజున హాలు కిటకిటలాడింది. జట్టువాళ్లు బయట గడ్డిమంట మీద డప్పులు కాచుకుని వచ్చి తెర ముందు వరసగా నిలబడ్డారు. బుచ్చవ్వ ముందు కుర్చీలో కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. వేదిక పక్కన బల్ల దగ్గర స్పందన, ఆమె పాదం కింద నేను. తెర మీద రాజలింగం నిలువెత్తున కనబడగానే జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతోనే ఇచ్చిన మాట గాలికిపోయింది. దరువు పెరగడం మొదలైంది.

స్పందన పాదం నా మీద ఎటూ తేల్చుకోలేకపోతోంది. నొక్కితే ఆయన కోతిబొమ్మ అవుతాడు. నొక్కకపోతే సొంత జట్టు ముందే అడుగు తప్పినవాడవుతాడు. కాస్త నొక్కింది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మళ్లీ సగానికి వదిలింది. తెర మీద కాలు ఒకచోట పడుతోంది, దెబ్బ ఇంకోచోట పడుతోంది. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో ఏ వేగం ఇవ్వాలో తెలియకపోవడం ఆ ఒక్కసారే. చెప్పడానికి కష్టంగా ఉంది గానీ భయపడ్డాను.

అప్పుడు బుచ్చవ్వ కుర్చీలోంచి లేచింది. మైకు లేకుండానే హాలంతా వినబడేలా అరిచింది.

“ఐలయ్యా! ఎన్కకు మర్రి సూడురా! మీ అన్న కాళ్లు సూడు!”

జనానికి వీపు చూపించి వాయించడం మర్యాద కాదని ఆ జట్టు ఏనాడూ ఆ పని చెయ్యలేదు. ఐలయ్య ఒక్క క్షణం తటపటాయించి, తిరిగాడు. అతని వెంట వరసంతా తిరిగింది. వీపులన్నీ జనం వైపు, కళ్లన్నీ రాజలింగం కాళ్ల వైపు.

అయినా కుదరలేదు. ఎందుకు కుదరలేదో నాకే ముందు అర్థమైంది. వాళ్లు ఆయన అడుగును అందుకోవాలని దరువు తగ్గిస్తున్నారు. స్పందన ఆ దరువును అందుకోవాలని నన్ను సడలిస్తోంది. నేను సడలగానే ఆయన అడుగు ఇంకా నెమ్మదిస్తోంది, వాళ్లు ఇంకా తగ్గుతున్నారు. ఇరుకు గుమ్మంలో ఎదురుపడిన ఇద్దరు మర్యాదస్తుల్లా ఒకరి కోసం ఒకరు తప్పుకుంటూ ఎవరూ ముందుకు పోవడం లేదు. తెర మీద రాజలింగం ఇక ఆగిపోయేలా ఉన్నాడు.

స్పందన వంగింది. నా తీగ పట్టుకుని లాప్‌టాప్‌లోంచి పీకేసింది.

నేను లేకపోతే బొమ్మ తీసినప్పటి వేగంతో పోతుంది. అది తెలిసే పీకింది. ఆట మధ్యలో, నిండు సభలో, నన్ను! రోషం రాలేదంటే అబద్ధం. కానీ ఆ రోషం నిలవడానికి తీరిక దొరకలేదు. తెర మీద రాజలింగం తన నడకన తను అడుగు వేశాడు, ఆ అడుగు మీదే డప్పులన్నీ పడ్డాయి. మళ్లీ వేశాడు, మళ్లీ పడ్డాయి. ఒక్కో దెబ్బకూ బల్ల అదురుతోంది, దాని కింద నేనూ అదురుతున్నాను. అంత నెమ్మదైన దరువు ఆ హాలులో ఎవరూ విని ఉండరు. ఒక్కరు నవ్వలేదు, ఒక్కరు ఫోను తీయలేదు. ఐలయ్య ఏడుస్తూనే వాయిస్తున్నాడు, చెయ్యి మాత్రం తొణకలేదు. చివర రాజలింగం చెయ్యి పైకెత్తాడు. డప్పులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

జనం తేరుకుని చప్పట్లు కొట్టేసరికి బుచ్చవ్వ మా బల్ల దగ్గరికి వచ్చేసింది.

“ఏ మీట నొక్కినవ్ బిడ్డా, గంత మంచిగ ఆడిండు?”

“ఏదీ నొక్కలే పెద్దమ్మా. ఆయనను ఆయన తీర్గనే పోనిచ్చిన.”

“గదే మంచిగైంది” అంది బుచ్చవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంటూ. “ఎవ్వలో తొందరవెడితె ఉరికెటోడు గాదు ఆయన. పెండ్లినాడు గూడ ఎద్దులబండి తీర్గ వచ్చిండు.” అని గట్టిగా నవ్వింది. ఆమె నవ్వడం నేను వినడం అదే మొదలు.

డప్పులు సర్దుకుంటున్న ఐలయ్యను స్పందన అడిగింది, రాబోయే జాతర ప్రోగ్రాంలో కూడా ఈ వీడియో వెయ్యమంటారా కాకా అని. ఐలయ్య ఖాళీ తెర వంక చూశాడు.

“వద్దు బిడ్డా. నువ్వు చెర్లు, చెల్కలు ఏమన్న ఎయ్యి. ఈసారి ముంగట నేను నిలవడత.”

అన్నట్టే జాతరలో ముందు నిలబడ్డాడు. మొదటి అడుగులోనే తెలిసిపోయింది, ఇతను అన్న కాదు, ఆగే మనిషి కాదు. డప్పులు అతని కాళ్ల వెంట పడ్డాయి. వెనక తెర మీద చెరువు అలలు నింపాదిగా కదులుతున్నాయి, వాటికింకా కబురందలేదు. స్పందన నా తీగను లాప్‌టాప్‌కు గుచ్చి, పాదం పెట్టి, నేల దాకా తొక్కింది. నేను ఉరికాను.