ఉమ్మడి సంతకం

2005 జూన్ నెల. అమెరికాలో అరోరా అనే ఊళ్ళోని ఆ ఇంట్లో ఆదివారం భోజనాలు ముగిశాక ఉదయ్ కొన్ని కాగితాలు బల్ల మీద పరిచి భార్యను పిలిచాడు.

"సుధా, ఇక్కడ సైన్ చెయ్. జూలై ఫస్ట్‌కి ఇంట్రెస్ట్ రేట్స్ పెరుగుతున్నాయి. ఈలోగా మనిద్దరి స్టూడెంట్ లోన్స్ కలిపి కన్సాలిడేట్ చేసేస్తే పాత రేటే ఉంటుంది, నెలకి ఒకటే బిల్."

ఇద్దరూ ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాళ్ళు. ఇద్దరూ ప్రభుత్వ రుణాలతోనే చదువుకున్నారు. సుధ ఫార్మసీ చదువు పూర్తయి నెల కూడా కాలేదు. చదువు అప్పులన్నింటినీ ఒకే అప్పుగా మార్చుకునే వీలు ఉండేది. భార్యాభర్తలైతే ఇద్దరివీ కలిపేసుకోవచ్చని కూడా అప్పటి చట్టం చెప్పేది.

సుధ కాగితాలు తిరగేసింది. "తర్వాత ఎప్పుడైనా వేరు చేసుకోవాలంటే కుదురుతుందా?"

వంటింట్లోంచి అత్తగారు తొంగిచూశారు. "అవేం మాటలమ్మా? పెళ్ళయి నాలుగు నెలలన్నా కాలేదు!"

"నా మీద నమ్మకం లేదా?" అన్నాడు ఉదయ్ చిన్నబోయి.

సుధ సిగ్గుపడిపోయింది. తానేదో తప్పు చేసినట్టు తలవంచుకుని పెన్ను అందుకుంది. మన ఇళ్ళలో ఎన్ని సంతకాలు ఇలా మొహమాటం మీదే జరిగిపోతున్నాయో పాఠకులు ఒకసారి ఆలోచించాలి.

"సైన్ చెయ్యకు సుధా."

ఆ మాటన్నది అంతవరకూ పక్కనే కూర్చుని వింటున్న ఉదయ్ అక్క రాధారాణి. ఆమె భర్తతో విడిపోయి మూడేళ్ళయింది. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"ఇప్పుడు నీకెందుకక్కా?" అన్నాడు ఉదయ్.

"నేనూ ఇలాగే సైన్ చేశాను కాబట్టి. డివోర్స్ అప్పుడు ఎవరి లోన్ వాళ్ళే కట్టుకోవాలన్నాడు జడ్జి. ఆయన కొన్నాళ్ళు కట్టి మానేశాడు. లోన్ కంపెనీకి జడ్జి మాటతో పనిలేదు. మొత్తం లోన్‌కి ఇద్దరం బాధ్యులమే అంటారు. ఫోన్లు నాకే వస్తాయి. వేరు చెయ్యమని ఎంత బతిమాలినా రూల్ లేదన్నారు. అప్పు సరిగ్గా కట్టలేదని నా క్రెడిట్ రికార్డు పాడైంది, మొన్న అపార్ట్‌మెంట్ కూడా అద్దెకి ఇవ్వలేదు."

తల్లి గరిట పట్టుకునే బయటికి వచ్చింది. "ఇంత జరిగితే నాతో ఒక్క మాటైనా చెప్పలేదేమే?"

"ఆయన పేరు ఇంట్లో ఎత్తద్దని నువ్వే అన్నావు కదమ్మా."

ఆవిడ గరిట బల్ల మీద పెట్టి కూతురి పక్కకు వచ్చి కూర్చుంది.

మర్నాడు ఉదయ్ లోన్ కంపెనీకి ఫోన్ చేశాడు. అక్క చెప్పిందంతా నిజమే. ఎవరి లోన్స్ వాళ్ళు విడిగా కన్సాలిడేట్ చేసుకున్నా పాత రేటే వస్తుందని కూడా తెలిసింది. "సారీ సుధా. నువ్వడిగిన క్వశ్చన్ నేనే అడగాల్సింది," అన్నాడు. గడువులోగా ఇద్దరూ విడివిడిగా సంతకాలు చేశారు. రాధారాణి బాకీ మాత్రం తీరలేదు. ఆమె ఇంకా కడుతూనే ఉంది.

కొన్నాళ్ళకు గుడిలో ఎవరో పలకరించారు. "మీ అల్లుడుగారు కనబడటం లేదేమండీ?"

ఇన్నాళ్ళూ అల్లుడికి కాలిఫోర్నియాలో ఉద్యోగమని చెప్పి తప్పించుకుంటూ వచ్చిన ఆ తల్లి ఈసారి కూతురి చెయ్యి పట్టుకుంది.

"విడిపోయారండీ. మీ అబ్బాయీ కోడలూ లోన్స్ కలుపుకుంటామంటే ముందు మా రాధతో మాట్లాడమనండి. సంతకానికి ముందు ఒక ప్రశ్న అడిగితే కాపురాలు కూలిపోవు. పరువు కోసం మేం దాచిన కష్టం మాత్రం ఇంకో ఆడపిల్ల మెడకు చుట్టుకోబోయింది."