నల్ల సంచిలో కొత్తిమీర

షుబ్రా పేటలో నల్ల సంచి పట్టుకుని నడిచేవాడి చేతిలో ఏముందో చంటిపిల్లలకి కూడా తెలుసు. గిర్గిస్ తన కొట్లో బీరు సీసాని పాత పేపర్లో చుట్టి, నల్ల సంచిలో పెట్టి, గుట్టుగా అందిస్తాడు. ఆ గుట్టే వీధికంతా చాటింపు. అందుకని గడియారాలు బాగుచేసే ఫిక్రీ ఒక ఉపాయం కనిపెట్టాడు. సంచి మూతిలోంచి కొత్తిమీర కట్ట బయటికి కనిపించేలా పెట్టడం. ఆహా, ఏం బుర్ర! తనని తానే మెచ్చుకున్నాడు, మెచ్చుకునేవాళ్ళు వేరే ఎవరూ లేక.

"ఈ వయసులో ఈ దొంగాటలేంటి ఫిక్రీ బాషా?" అన్నాడు గిర్గిస్, బీరు సీసాలు చుడుతూ.

ఏంటంటే, ఫిక్రీ ఇంటి కింది అంతస్తులో ఉండే ఇన్షిరా. భర్త పోయిన మనిషి. ఫిక్రీ పెళ్ళి మాట ఎత్తగానే, "మా ఆయన తాగుడు భరించాను గానీ, తాగలేదని ఆడే అబద్ధాలు భరించలేకపోయాను. మీరు తాగుతారా?" అని ముఖం మీదే అడిగింది.

"ఛీ ఛీ, నాకు వాసన కూడా పడదండీ!" అన్నాడు ఫిక్రీ, గుండె మీద చెయ్యేసుకుని. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరుకుతుందా? ఎంత శ్రద్ధగా పాడుచేసుకున్నాడో! ఆవిడ శుక్రవారం జవాబు చెప్తానంది.

గురువారం సాయంత్రం ఎవరి కంటా పడకూడదని ఎండలో సందులన్నీ చుట్టి, ఫిక్రీ మెట్లెక్కుతుంటే ఇన్షిరా తలుపు తీసింది.

"సమయానికొచ్చారు ఉస్తాద్! ములూఖియా ఆకుకూర పొయ్యి మీదుంది, తాలింపులోకి కొత్తిమీర లేదు. ఆ కట్ట ఇలా ఇవ్వండి."

ఇవ్వక తప్పలేదు. ఆవిడ కట్టని పైకెత్తి చూసింది.

"అయ్యో, పోయిన వారం కట్టే కదండీ ఇది! అదే ఎర్ర దారం. తిరిగి తిరిగి ఎండుగడ్డి అయిపోయింది పాపం. ఇంతకీ సంచిలో ఏముంది?"

బీరుకి డబ్బు తీసే చెయ్యి కొత్తిమీరకి రాలేదు మరి! "వెనిగర్," అన్నాడు ఫిక్రీ. తన నోటిని తనే నమ్మలేకపోయాడు.

ఇన్షిరా ముఖంలో నవ్వు పోయింది. "అయితే నా జవాబుకి రేపటిదాకా ఎందుకులెండి," అని తలుపేసుకుంది.

ఫిక్రీ మెట్ల మీద కూలబడ్డాడు. భయమేసింది. బతికినన్నాళ్ళూ సీసాతోనే కబుర్లు చెప్పుకోవాలని తలుచుకుంటే ఏడుపొచ్చింది. లేచి తలుపు కొట్టాడు.

"బీరండీ," అన్నాడు మూసిన తలుపుతో. "ప్రతి గురువారం తాగుతాను. వెధవని, మీతో అబద్ధమాడాను."

లోపల గరిటె చప్పుడు ఆగింది.

"చల్లగా ఉందా?"

"లేదండీ. మీకు కనపడకూడదని ఊరంతా తిప్పాను. టీలా కాగిపోయింది."

గడియ తీసిన చప్పుడైంది.