రాళ్ల వరసలో చోటు

“ఇంట్లో సింకు నిండా గిన్నెలు పెట్టుకుని, వాగు బాగుచెయ్యడానికి బయల్దేరింది మహాతల్లి” అంది అత్తగారు, ఎవరితోనూ కాదన్నట్టు, కోడలికి వినపడేట్టు. కోడలు ఫ్లాస్కులోకి టీ వంపుతూనే ఉంది. పేపరు చాటునుంచి భర్త అందుకున్నాడు. “రూపాయి రాని పనికి ఇంత పొద్దున్నే పరుగేమిటోయ్?”

రూపాయి వచ్చే పని ఈ ఇంట్లో తనెప్పుడు చేసింది గనక? వండింది, ఉతికింది, అత్తగారి మోకాళ్లకి నూనె రాసింది, ఆయన చొక్కాలకి గుండీలు కుట్టింది. దేనికొచ్చింది రూపాయి? ఆ మాట నోటిదాకా వచ్చింది. ఫ్లాస్కు మూతతోపాటు దాన్నీ బిగించేసి గడప దాటింది.

వాగు వీధి చివరే. వాన పడితే ఒడ్డు మట్టినంతా కోసుకుపోతుంది, వాన ఆగితే వారం తిరక్కుండా ఎండిపోతుంది. ఆ పరుగు ఆపడానికి వీధివాళ్లు కొందరు ఆదివారాలు కలిసి అడ్డంగా రాళ్లకట్టలు వేస్తున్నారు. నీళ్లు నిలిచి ఇంకితే, ఒకప్పుడు ఇక్కడ మొలిచిన గడ్డీ పొదలే మళ్లీ నాటాలని. మొదటి ఆదివారం ఆమె పార అడిగింది. అందర్నీ నడిపించే రిటైర్డు మాస్టారు ఎంతో మర్యాదగా, “మీకెందుకమ్మా మట్టిపని? టీ సంగతి చూడండి చాలు” అన్నారు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. కసిరి ఉంటే ఎదురు చెప్పేదేమో. మర్యాదకి ఎదురు చెప్పడం ఆమెకెవరూ నేర్పలేదు. అప్పట్నుంచీ ఆమె టీ అమృతమంటూ మెచ్చుకుని, అమృతం తాగినవాళ్లంతా వాగులోకి దిగేవాళ్లు. ఆమె గట్టుమీద కప్పులు కడిగేది.

ఇవాళ మబ్బు కిందికి దిగి ఉంది. ఆఖరి కట్ట సగమే లేచింది. వాన ముందొస్తే వేసిన సగమూ కొట్టుకుపోతుంది. రోడ్డు మీది కుప్పనుంచి రాళ్లు చేతులు మారుతూ వాగులోకి దిగుతున్నాయి. ఎవరో రాలేదు. వరసలో ఒకచోట ఖాళీ. అక్కడికొచ్చేసరికి, వీధిలో బట్టలు కుట్టే టైలరమ్మ ప్రతి రాయినీ మోసుకుంటూ నడవాల్సి వస్తోంది.

ఆమె ఫ్లాస్కు కిందపెట్టి, చెంగు దోపి, ఆ ఖాళీలో నిలబడింది.

“వచ్చావా తల్లీ, నా నడుం బతికింది! ఇదిగో, కిటుకు చెప్తా విను. అవతలివాళ్లు చెయ్యి చాచేదాకా వదలకు. చాచాక పట్టుకుని కూర్చోకు” అంది టైలరమ్మ.

మొదటి రాయి గోరు చీల్చింది. తర్వాతది బరువనిపించింది. ఆ తర్వాత రాళ్లు గుర్తులేవు. ఇటునుంచి రావడం, అటు వెళ్లడం, అంతే. ఇన్నేళ్లలో తన చేతిలోకి వచ్చింది తన దగ్గరే ఆగిపోకుండా ముందుకు వెళ్లడం ఆమె చూడటం ఇదే మొదటిసారి.

“అమ్మా, టీ!” మాస్టారు కిందనుంచి కేకేశారు.

వరసంతా ఆమెవైపు చూసింది. చేతిలో రాయి ఉంది.

“నేను కదిలితే రాళ్లు ఆగిపోతాయి మాస్టారూ. ఫ్లాస్కు అక్కడే ఉంది, మీరే పోసివ్వండి. నాక్కూడా!”

టైలరమ్మ పక్కున నవ్వింది. మాస్టారు కాసేపు గడ్డం గోక్కున్నారు. తర్వాత గట్టెక్కి మూత తిప్పడం మొదలుపెట్టారు. సగం నేలపాలు చేశారనుకోండి, అది వేరే సంగతి. మొదటి చినుకు పడేసరికి కట్ట పూర్తయింది. వాన జోరందుకున్నాక వాగులో నీళ్లు వచ్చి రాళ్లకి తగిలి, దారి తెలియనట్టు ఆగి, మెల్లగా పక్కలకి పరుచుకున్నాయి. ఆమె తడుస్తూ నిలబడి చూసింది.

ఇంటికొచ్చేసరికి టేబుల్ మీద తిన్న కంచాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. “వచ్చావా? సింకు అలాగే ఉంది” అంది అత్తగారు. సింకు పక్కనే నిలబడి భర్త మంచినీళ్లు తాగుతున్నాడు.

ఆమె గోళ్లలో ఇంకా మట్టి ఉంది. ఆయన తిన్న కంచమే తీసి ఆయనకేసి చాచింది. ఆయన దానివైపు చూశాడు, తల్లివైపు చూశాడు. ఆమె చెయ్యి దించలేదు. రాయి కన్నా ఇదెంత బరువు గనక? ఎంతసేపైనా పట్టుకోగలదు.

చివరికి ఆయన చెయ్యి చాచాడు.

ఆమె వదిలేసింది.