ఐదువందల పన్నెండో నంబరు కోర్సు

ఇంట్లో ఆమెను తొందరపిల్ల అని ఊరికే అనలేదు. ఒక్క సెమిస్టరు చదువుకోవడానికి ఈ పరాయి యూనివర్సిటీకి వచ్చింది. తనది ఐదో సెమిస్టరు. తన కాలేజీలో లాగే ఇక్కడా కోర్సు నంబరులో మొదటి అంకె సెమిస్టరే అనుకుని, కంప్యూటరులో ఐదువందల పన్నెండు, నదుల గురించి అని కనబడగానే టక్కున నొక్కేసింది. తీరా వెళ్తే ఆ క్లాసులో ఆరుగురే, సగం మందికి జుట్టు నెరిసింది. రెండు వారాలు కిందామీదా పడి చదివింది.

కోర్సులు మార్చుకునే ఆఖరి రోజున ఆఫీసు గుమాస్తా కంప్యూటరు చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఇది పీహెచ్‌డీ వాళ్ళ క్లాసు తల్లీ! నీలా బయటినుంచి వచ్చినవాళ్ళకి ఈ కంప్యూటరు దేనికీ అడ్డు చెప్పదు. ఈ కాగితం మీద ఆ క్లాసు చెప్పే మేడంగారి సంతకం తెచ్చుకో, నీ పేరు తీసేస్తాను."

తల కొట్టేసినట్టయి, ఆ కాగితంతో మేడం గది తలుపు తట్టింది.

"పొరపాటున చేరానండీ."

"మొదటిరోజే తెలుసమ్మా. చెబుదామనే అనుకున్నా."

"మరి చెప్పలేదేమండీ?"

"నది దారి మార్చుకుంటే పాత ఇసుక ఎటు పోతుందని అడిగావు చూడూ, దాని జవాబు కోసం రెండు వారాలుగా అందరం కలిసి వెతుకుతున్నాం. అది తేలేదాకా నువ్వెక్కడికీ కదలడానికి వీల్లేదు."

మేడం ఆ కాగితాన్ని మడిచి టీకప్పు కింద పెట్టుకున్నారు.